రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎంత, ప్రయాణం ఎన్ని గంటలు: మీరే లెక్క కట్టుకోవడం ఎలా?

"అమ్మావాళ్లకి టికెట్లు తీస్తున్నా, హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటలండీ?" "వైజాగ్‌కి గాల్లో ఎన్ని కిలోమీటర్లు?" "దుబాయ్ నాలుగు గంటల ప్రయాణం అన్నారు, టికెట్ మీద చూస్తే రెండున్నర గంటలే ఉంది, ఏది నిజం?" ఈ మూడు ప్రశ్నలూ రూపం మార్చుకుని వస్తూనే ఉంటాయి. విడివిడిగా జవాబులు చెప్పేకన్నా లెక్క ఎలా కట్టాలో చెబితే, ఏ రెండు ఊళ్లకైనా మీరే చూసుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఒక్కటే గానీ, సమయాలు మాత్రం మూడు. విమానం గాల్లో ఉండే సమయం, టికెట్ మీద వేసే సమయం, మీ ఇంటి గుమ్మం నుంచి అవతలి ఇంటి గుమ్మం దాకా పట్టే సమయం. ఎవరైనా "ఎన్ని గంటలు" అని అడిగితే ఈ మూడిట్లో ఏది కావాలో తేల్చుకోండి. గందరగోళంలో సగం అక్కడే పోతుంది.

కావలసినవి

- ఇంటర్నెట్ ఉన్న ఫోన్, అందులో కాలిక్యులేటర్. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే వర్గమూలం గుర్తు కూడా కనిపిస్తుంది.
- రెండు ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు. టికెట్ మీద, లగేజీ ట్యాగ్ మీద ఉండేవి ఇవే.
- వాటి అక్షాంశం, రేఖాంశం. వికీపీడియాలో ఎయిర్‌పోర్ట్ పేజీ పైభాగంలోనే ఉంటాయి.
- ఏ తేదీన ప్రయాణమో. అమెరికా, యూరప్ వెళ్లేవాళ్లకి ఇది తప్పనిసరి. ఎందుకో 5వ మెట్టులో చెబుతాను.

1. ఏ ఎయిర్‌పోర్టో ఖాయం చేసుకోండి

ఊరి పేరు కొట్టి లెక్క మొదలెట్టకండి. హైదరాబాద్ అనే ఊరు పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా ఉంది, దానికీ ఎయిర్‌పోర్టు ఉంది. దూరం చెప్పే కొన్ని సైట్లలో పేరు కొట్టగానే రెండూ వస్తాయి. మన శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ, సింధ్‌లోనిది హెచ్‌డీడీ. శాన్‌హోసే అంటే కాలిఫోర్నియాలోదీ ఉంది, కోస్టారికా రాజధానీ ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అలబామాలోనూ ఉంది.

ఒకే ఊరికి రెండు మూడు ఎయిర్‌పోర్టులు ఉన్నప్పుడు కూడా జాగ్రత్త. గోవాలో దబోలిమ్, మోపా వేర్వేరు. లండన్‌లో హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ ఇలా చాలా ఉన్నాయి. న్యూయార్క్ అని టికెట్ తీస్తే దిగేది జేఎఫ్‌కే కావచ్చు, పక్క రాష్ట్రంలోని నెవార్క్ కావచ్చు. గాలి దూరంలో పెద్ద తేడా రాదు గానీ, దిగాక ఇంటికి చేరే సమయం గంటల్లో మారిపోతుంది.

2. దూరం కనుక్కోండి

తేలిక దారి: గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్లో రెండు కోడ్‌లు మధ్యలో అడ్డగీతతో కొడితే దూరం వచ్చేస్తుంది. లేదంటే కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, మొదటి ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో ఎయిర్‌పోర్ట్ మీద నొక్కండి. ఫోన్లో అయితే వేలితో కాసేపు నొక్కి పట్టి పిన్ పెట్టాక అదే ఆప్షన్ కనిపిస్తుంది.

ఇక్కడ వచ్చేది భూగోళం మీద అతి దగ్గర దారి. గోడ మీది మ్యాప్‌లో స్కేలు పెట్టి గీసే గీత ఇది కాదు. హైదరాబాద్–డాలస్ చూడండి. మ్యాప్‌లో గీత గీస్తే ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే మాత్రం అది దాదాపు నిటారుగా ఉత్తరానికి వెళ్లి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరం నుంచి దాటి, అటువైపు కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దూరం సుమారు 14,420 కిలోమీటర్లు.

చేత్తో లెక్క కట్టే దారి: మన దేశంలోని రెండు ఊళ్ల మధ్య అయితే కాలిక్యులేటర్ చాలు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ డిగ్రీ కుంచించుకుపోతుంది. తెలుగు రాష్ట్రాల దగ్గర 106 అనుకోండి, హైదరాబాద్–ఢిల్లీ లాంటి పొడుగు దారికి మధ్యస్థంగా 102.

శంషాబాద్ నుంచి విశాఖ లెక్క ఇదీ:

- శంషాబాద్: అక్షాంశం 17.24, రేఖాంశం 78.43
- విశాఖ: అక్షాంశం 17.72, రేఖాంశం 83.22
- అక్షాంశాల తేడా 0.48 × 111 = 53 కి.మీ.
- రేఖాంశాల తేడా 4.79 × 106 = 508 కి.మీ.
- 53 వర్గం, 508 వర్గం కూడి వర్గమూలం తీస్తే సుమారు 511 కి.మీ.

రోడ్డు మీద ఇదే దారి ఆరు వందల పైచిలుకు. ఇదే పద్ధతిలో హైదరాబాద్–ఢిల్లీ 1,260 దాకా, హైదరాబాద్–గన్నవరం 264 వస్తాయి. హైస్కూల్లో చదివిన పైథాగరస్ ఇంత పనికొస్తాడని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

హెచ్చరిక: ఈ చేతి లెక్క దేశం దాటితే పనికిరాదు. లండన్‌కి నాలుగు వందల కిలోమీటర్లకి పైగా ఎక్కువ చూపిస్తుంది. డాలస్‌కి వాడితే 17,700 దాటిపోతుంది, అంటే మూడు వేల పైచిలుకు తప్పు. విదేశాలకి సైటే వాడండి.

ఈ మెట్టులో ఎక్కువమంది చేసే తప్పులు మూడు.

మొదటిది, పడమటి రేఖాంశానికి మైనస్ మర్చిపోవడం. డాలస్ రేఖాంశం 97.04 పశ్చిమం. మైనస్ పెట్టకుండా కొడితే మీ డాలస్ వెళ్లి టిబెట్ పీఠభూమిలో కూర్చుంటుంది, దూరం రెండున్నర వేల కిలోమీటర్లు వస్తుంది. అమెరికాకి పది వేల లోపు సంఖ్య కనిపించిందంటే ముందు మైనస్ చూడండి.

రెండోది, నిమిషాలని దశాంశాలుగా చదవడం. 17 డిగ్రీల 14 నిమిషాలు అంటే 17.14 కాదు. 14ని 60తో భాగించాలి, అప్పుడు 17.23. ఇంత చిన్న తేడాకే పది కిలోమీటర్లు జరిగిపోతాం.

మూడోది, మైళ్లు. విమానాల లోకంలో నాటికల్ మైలు వాడతారు, అది 1.852 కిలోమీటర్లు. అమెరికా రోడ్ల మీది మైలు 1.609 కిలోమీటర్లు. హైదరాబాద్–హీత్రూ దూరం సుమారు 7,750 కిలోమీటర్లు. అదే 4,185 నాటికల్ మైళ్లు, అదే 4,816 మామూలు మైళ్లు. మూడు సైట్లు మూడు అంకెలు చూపిస్తున్నాయని తికమకపడేవాళ్లు అంకె పక్కన ఏముందో చూడరు.

3. దూరాన్ని గంటల్లోకి మార్చండి

విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందని దూరాన్ని 900తో భాగించేస్తారు. వైజాగ్‌కి 34 నిమిషాలు వస్తుంది. ఏ విమానమూ అలా చేరదు. రన్‌వే దాకా నేల మీద తిరగాలి, పైకెక్కాలి, కిందికి దిగాలి, ముందు విమానాలు దిగేదాకా ఒక్కోసారి చుట్లు కొట్టాలి. ఈ పనులకి దూరంతో సంబంధం లేదు. అందుకే ఒక స్థిరమైన మొత్తం విడిగా కలపాలి.

నేను వాడే సూత్రం ఇది:

- ఏటీఆర్ లాంటి ఫ్యాన్ రెక్కల చిన్న విమానం: దూరాన్ని 480తో భాగించి 25 నిమిషాలు కలపండి.
- ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737: 800తో భాగించి 30 నిమిషాలు కలపండి.
- బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ 350 లాంటి పెద్దవి: 850తో భాగించి 40 నిమిషాలు కలపండి.

హైదరాబాద్–ఢిల్లీ: 1,260ని 800తో భాగిస్తే గంటా 35 నిమిషాలు, అరగంట కలిపితే రెండు గంటల ఐదు నిమిషాలు. టికెట్ మీద సాధారణంగా రెండుంపావు అటూ ఇటూగా ఉంటుంది. వైజాగ్‌కి గంటా ఎనిమిది నిమిషాలు, గన్నవరానికి ఏటీఆర్‌లో దాదాపు గంట.

ఏ విమానమో తెలియకపోతే బుకింగ్ పేజీలో ఫ్లైట్ నంబర్ పక్కన నొక్కి చూడండి, రాసి ఉంటుంది. గన్నవరం, కడప లాంటి చిన్న దూరాలకి ఇది ముఖ్యం. ఢిల్లీకి దాదాపు ఎప్పుడూ జెట్టే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

ఈ లెక్కకీ టికెట్‌కీ పది పదిహేను నిమిషాలు తేడా ఉంటే కంగారు పడకండి. టికెట్ మీద సమయం అంటే విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. పైగా ఆలస్యాలు కప్పుకోవడానికి కంపెనీలు కొంత అదనం వేసుకుంటాయి. "పది నిమిషాలు ముందే దిగాం" అని పైలట్ సంతోషంగా చెప్పడం వెనక చాలాసార్లు ఉన్నది ఈ అదనమే.

4. గాలి, దారి మళ్లింపు చూసుకోండి

దేశంలో తిరిగేవాళ్లు ఈ మెట్టు దాటేయొచ్చు.

దూర ప్రయాణాల్లో పోవడానికీ రావడానికీ ఒకే సమయం పట్టదు. పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి ప్రవాహం ఉంటుంది, చలికాలంలో మరీను. కాబట్టి దుబాయ్‌కి వెళ్లేటప్పుడు దాదాపు నాలుగు గంటలు పడితే, వచ్చేటప్పుడు మూడున్నర దగ్గరికి వస్తుంది. మోటుగా చెప్పాలంటే పడమరకి వెళ్తుంటే నూటికి ఐదు వంతులు కలపండి, తూర్పుకి వస్తుంటే ఐదు తీసేయండి. వానాకాలంలో దక్షిణ భారతం మీద పై గాలులు తూర్పు నుంచి వీస్తాయి కాబట్టి ఆ నెలల్లో ఈ తేడా తగ్గుతుంది.

దగ్గర దారే త్వరగా చేరుస్తుందన్న నమ్మకం కూడా వదిలేయండి. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. దారి దాదాపు 15,300 కిలోమీటర్లు, పాత దారికన్నా 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, అంటే పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందే. వెనక నుంచి గాలి తోసినందుకు.

దీనికి తోడు మూసేసిన ఆకాశాలు. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా ఒకసారి, 2025 ఏప్రిల్ నుంచి మళ్లీ పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లేవాటికి దీని దెబ్బ ఎక్కువ. హైదరాబాద్–దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా పోతుంది కాబట్టి దానికి పెద్దగా తగలదు. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీలకి రష్యా మీదుగా దారి లేదు. అందుకే ఒకే రెండు ఊళ్ల మధ్య రెండు కంపెనీల సమయాలు గంటకి పైగా తేడా ఉండొచ్చు. కంపెనీని బట్టి చూడండి, ఊళ్లని బట్టి కాదు.

5. గడియారాలని ఒక్క దారికి తెండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ. టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. రెండూ తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. తెల్లవారి 4 గంటలకి బయల్దేరి 6:15కి దిగారంటే రెండుంపావు గంటల ప్రయాణం కాదు, గంటన్నర కలిపి మూడుంముప్పావు.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లు మనకన్నా ఎంత ముందు, ఎంత వెనక:

- యూఏఈ, ఒమన్: గంటన్నర వెనక, ఏడాది పొడుగునా.
- ఖతార్, కువైట్, సౌదీ: రెండున్నర గంటలు వెనక, ఏడాది పొడుగునా.
- సింగపూర్, మలేషియా: రెండున్నర గంటలు ముందు, ఏడాది పొడుగునా.
- లండన్: చలికాలం ఐదున్నర, ఎండాకాలం నాలుగున్నర గంటలు వెనక.
- న్యూయార్క్, న్యూజెర్సీ, అట్లాంటా: చలికాలం పదిన్నర, ఎండాకాలం తొమ్మిదిన్నర వెనక.
- డాలస్, చికాగో: పదకొండున్నర, పదిన్నర వెనక.
- శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్: పదమూడున్నర, పన్నెండున్నర వెనక.
- ఫీనిక్స్: అరిజోనా వాళ్లు గడియారం మార్చరు. ఎప్పుడూ పన్నెండున్నర వెనక.

అమెరికాలో గడియారం మారేది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. బ్రిటన్, యూరప్‌లలో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. 2026లో అమెరికా మార్చి 8న మార్చుకుంటే, బ్రిటన్ మార్చి 29న మార్చుకుంటుంది. ఆ మధ్య మూడు వారాల్లో లండన్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు పాత అలవాటు లెక్కని నమ్మకండి.

ఇప్పుడు ఎండాకాలంలో హైదరాబాద్–దుబాయ్–డాలస్ చేసి చూద్దాం. సమయాలు లెక్క కోసం అనుకున్నవే.

- హైదరాబాద్ ఉదయం 4:00, దుబాయ్ 6:15. గంటన్నర కలిపితే 3 గం. 45 ని.
- దుబాయ్‌లో ఎదురుచూపు, 6:15 నుంచి 9:30 దాకా: 3 గం. 15 ని. ఒకే ఊరు కాబట్టి నేరుగా తీసివేత.
- దుబాయ్ 9:30, డాలస్ సాయంత్రం 4:45. రెండింటికీ తేడా 9 గంటలు. దుబాయ్ 9:30 అంటే డాలస్‌లో అర్ధరాత్రి దాటి 12:30. అక్కణ్నుంచి 4:45 దాకా 16 గం. 15 ని.
- మొత్తం 23 గం. 15 ని.

సరిచూసుకోవడం ఎలా అంటే, మధ్యలోవన్నీ వదిలేసి చివర్లో దిగే సమయాన్ని మన గడియారంలోకి తెండి. డాలస్ సాయంత్రం 4:45కి పదిన్నర కలిపితే మనకి మర్నాడు తెల్లవారి 3:15. నిన్న తెల్లవారి 4:00 నుంచి ఇవాళ 3:15 దాకా 23 గంటల పావు. రెండూ కలిశాయి, లెక్క సరే. కలవకపోతే నూటికి తొంభై సార్లు ఏదో ఒక చోట కలపాల్సింది తీసేసి ఉంటారు, లేదా తేదీ దాటడం మర్చిపోయి ఉంటారు.

దూరం వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. హైదరాబాద్–దుబాయ్ 2,546, దుబాయ్–డాలస్ సుమారు 12,920, కలిపితే 15,466. నేరు దూరం 14,420 కన్నా వెయ్యి పైచిలుకు మాత్రమే ఎక్కువ. అంటే డొంకతిరుగుడు దారేమీ కాదు. నేరు దూరం కన్నా మూడు వేల కిలోమీటర్లు ఎక్కువ తిప్పే టికెట్ అయితే, ధర ఎంత తక్కువైనా పెద్దవాళ్లకి తీయకండి.

6. ఇంటి నుంచి ఇంటికి

దేశంలో అయితే రెండు గంటల ముందు, విదేశానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలన్నది మామూలు లెక్క. దేశీయ ఫ్లైట్లకి చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. మీ టికెట్ మీద ఎంత ఉందో అది చదవండి.

శంషాబాద్‌కి పుష్పక్ బస్సులో వచ్చేవాళ్లు బస్సు కోసం నిలబడే సమయం కూడా కలుపుకోవాలి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేస్తే గొడవ లేదు, అది ఎక్కేదాకానే ఊరి ట్రాఫిక్ అంతా. దిగాక లగేజీకి అరగంట, విదేశాల్లో ఇమిగ్రేషన్‌కి గంట నుంచి రెండు గంటలు వేసుకోండి.

ఈ లెక్క వేశాక కొన్ని విమానాలు దండగ అనిపిస్తాయి. హైదరాబాద్–విజయవాడ చూడండి. ఇంటి నుంచి శంషాబాద్ గంటన్నర, రెండు గంటల ముందు రాక, విమానం గంట, దిగి బయటికి రావడం, గన్నవరం నుంచి ఊళ్లోకి మరో ముప్పావు గంట. ఐదు గంటలు దాటిపోయింది. ఆ పాటికి కారు సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగి మరీ బెంజి సర్కిల్ చేరుతుంది. వైజాగ్‌కి మాత్రం విమానమే మేలు.

7. వచ్చిన జవాబు నమ్మొచ్చా?

ఫ్లైట్‌రాడార్24లో ఫ్లైట్ నంబర్ కొడితే గత కొద్ది రోజుల్లో అది నిజంగా ఎప్పుడు ఎగిరిందో, ఎప్పుడు దిగిందో కనిపిస్తుంది. ఒక్కరోజు చూసి తేల్చకండి, ఉన్నన్ని రోజులూ చూసి మధ్యస్థంగా తీసుకోండి. మీ లెక్క దానికి పావుగంట అటూ ఇటూగా ఉంటే బాగా కట్టినట్టే. గంట తేడా ఉందంటే 1, 4, 5 మెట్లు మళ్లీ చూడండి.

టికెట్ మీద "డైరెక్ట్" అని ఉండి సమయం మరీ ఎక్కువగా కనిపిస్తే, అది మధ్యలో ఎక్కడో ఆగుతుందన్నమాట. ఫ్లైట్ నంబర్ మారకపోతే ఆగినా డైరెక్టే అంటారు. ఎక్కడా ఆగనిది కావాలంటే "నాన్‌స్టాప్" అన్న మాట వెతకండి.

ఆఖరుగా తేదీ. గల్ఫ్‌కీ, యూరప్‌కీ వెళ్లే చాలా విమానాలు శంషాబాద్ నుంచి అర్ధరాత్రి దాటాక, తెల్లవారక ముందు కదులుతాయి. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే 15 రాత్రి కాదు. 14 రాత్రి పెందలాడే భోంచేసి, తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. క్యాబ్ బుక్ చేసేటప్పుడు కూడా 14వ తేదీయే పెట్టండి.